కుండ మనది, సీసా ఎవరిది? మన ఇప్పసారా, జీలుగు కల్లు చరిత్ర



కొన్నాళ్ళ క్రితం మన గ్రూపులో ఒక అన్న ఫొటో పెట్టారు, గుర్తుందా? గోవాలో ఒక బారు. గాజు గ్లాసు, అందులో ఐసు ముక్కలు, అంచుకి నిమ్మకాయ చక్రం, పక్కన అందమైన సీసా. సీసా మీద 'మహువా' అని ఉంది. కింద ఆ అన్న "ఇది మన ఇప్పసారాయే" అని రాశారు. అందరం నవ్వే బొమ్మలు పెట్టి వదిలేశాం.

సెలవులకి ఇంటికెళ్ళినప్పుడు ఆ ఫొటో నాయినమ్మకి చూపించాను. ఆవిడ ఫోను దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసింది. "ఇది ఇప్పసారానా? డబ్బులిచ్చి తాగుతున్నారా? మరైతే మన కుండ ఎందుకు పగలగొట్టినారే?" అంది.

ఆ కుండ సంగతి నాకు గుర్తుంది. నేనప్పుడు ఐదో తరగతి. పండక్కని నాయినమ్మ ఇప్పపువ్వు నానబెట్టింది. జీపులో వచ్చినవాళ్ళు పెరట్లోకొచ్చి కుండని కర్రతో కొట్టారు. పువ్వంతా మట్టిలో పోయింది. నాయినమ్మ ఏమీ అనలేదు, వాళ్ళెళ్ళాక పెంకులు ఏరుకుంది. ఆవిడ అడిగినదానికి నా దగ్గర జవాబు లేదు. హాస్టల్‌కి వచ్చాక జవాబు కోసం చదవడం మొదలుపెట్టాను. దొరికింది ఇక్కడ రాస్తున్నాను.

ముందే ఒక మాట. ఇది తాగమని చెప్పే పోస్టు కాదు. ఆడపిల్లకి సారా కబుర్లేంటి అని కూడా అనకండి. పువ్వు ఏరేది ఆడవాళ్ళే, మా ఇంట్లో కుండ పెట్టిందీ ఆడదే, తాగినవాళ్ళ వల్ల ఎక్కువ ఏడ్చిందీ ఆడవాళ్ళే. కాబట్టి రాసే హక్కు నాకుంది.

మనకి ఏమేం ఉండేవి

బయటివాళ్ళు మన తాగుడు మొత్తాన్ని 'నాటుసారా' అనే ఒక్క మాటలో చుట్టేస్తారు. మనకి కనీసం మూడు రకాలుండేవి, మూడూ వేర్వేరు.

మొదటిది జీలుగు కల్లు. జీలుగు చెట్టు ఆకు చేప తోకలాగ ఉంటుంది. గెల కోసిన చోట కారే నీరే కల్లు. దీనికి ఏమీ కలపక్కర్లేదు. గాల్లోనూ కుండలోనూ ఉండే ఈస్టు తన పని తను చేసుకుపోతుంది. పొద్దున్న దించినప్పుడు తియ్యగా ఉంటుంది, ఎండెక్కేకొద్దీ పులుస్తుంది, సాయంత్రానికి ఘాటెక్కుతుంది. ఈ చెట్టుకి ఒక గుణం ఉంది. ఎన్నో ఏళ్ళు పెరిగాక గాని పూత వేయదు. పూత మొదలయ్యాక గెలలు పైనుంచి కిందికి ఒక్కొక్కటిగా వస్తాయి, ఆఖరి గెల అయ్యాక చెట్టు చచ్చిపోతుంది. తాత నాటినదో, తాత కాపాడినదో మనవడు గీస్తాడన్నమాట. అందుకే మా వైపు ఏ జీలుగు చెట్టు ఏ ఇంటివాళ్ళదో ఊరందరికీ తెలుసు. చెట్టు పంపకాల్లో వస్తుంది, చెట్టు కోసం తగవులూ వస్తాయి. గింజలు లేని కాలంలో ఇదే చెట్టు బొంద కొట్టి పిండి తీసి జావ కాచుకున్న పెద్దవాళ్ళు ఇంకా ఉన్నారు. అంటే ఇది కల్లు చెట్టే కాదు, కరువులో అన్నం చెట్టు.

రెండోది ఇప్పసారా. మార్చి, ఏప్రిల్ నెలల్లో తెల్లారకుండా ఇప్పపువ్వు రాలుతుంది. చెట్టు కింద తుడిచి ఉంచితే పొద్దున్నే ఏరుకోవచ్చు. ఎండబెడితే కిస్‌మిస్‌లాగ ముడుచుకుని ఎర్రబడుతుంది. ఎండిన పువ్వు బరువులో సగం దాకా చక్కెరే. వేయించుకుని తింటారు, ఉడకబెట్టుకుని తింటారు, పిండిలో కలిపి తింటారు, గింజలోంచి నూనె తీస్తారు. నానబెట్టి పులియబెట్టి, కుండ మీద కుండ పెట్టి ఆవిరిని చల్లార్చితే సారా. తిండికి, నూనెకి, అమ్మకానికి పోగా మిగిలిందే సారాలోకి వెళ్ళేది.

మూడోదాన్ని మన తరం దాదాపు మర్చిపోయింది. గింజల కల్లు. ఇప్పుడు పట్నాల్లో 'క్రాఫ్ట్ బీరు' అని ఏదైతే అంటున్నారో, సరిగ్గా అదే.

1907 నాటి పుస్తకంలో మన బీరు

1907లో డబ్ల్యు. ఫ్రాన్సిస్ అనే ఐ.సి.ఎస్. అధికారి విశాఖపట్నం జిల్లా గెజిటీర్ రాశాడు. అప్పటి విశాఖపట్నం జిల్లా అంటే చాలా పెద్దది. ఇప్పటి విజయనగరం, పార్వతీపురం, పాలకొండ వైపు ఊళ్ళు, అటు జయపురం, కోరాపుట్ కొండలు అన్నీ అందులోవే. శ్రీకాకుళం జిల్లా 1950లో, విజయనగరం జిల్లా 1979లో, పార్వతీపురం మన్యం 2022లో ఏర్పడ్డాయి. కాబట్టి ఆ పుస్తకంలో 'విశాఖపట్నం' అంటే మనమే.

ఆ పుస్తకంలో కొండవాళ్ళు బియ్యంతో, సామలతో, రాగులతో బీరు చేస్తారని ఉంది. గింజని ముద్ద చేసి, నీళ్ళు పోసి, కొంచెం 'మందు' కలిపి మూడు నాలుగు రోజులు పులియబెట్టి వడగడతారట. దానికి పేర్లు కూడా రాశాడు. లొండా, పండియం, మడ్డికల్లు. మందు పేరు సారాయి మందు. వారపు సంతలో దొరికేదట. అడవి వేళ్ళు, బెరళ్ళు దంచి బియ్యంతో కలిపి చిన్న చిన్న ఉండలు చేసి అమ్మేవారు. 1909లో ఎడ్గార్ థర్‌స్టన్ వేసిన దక్షిణాది కులాలు, తెగల సంపుటాల్లో కూడా ఈ సంగతులే కనిపిస్తాయి.

నేను ఇది చదివి నాయినమ్మని అడిగాను. "మడ్డికల్లా? మాయమ్మ చేసేది. ఆ ఉండలు ఇప్పుడెక్కడున్నాయి?" అంది. ఒక్క తరంలో ఒక విద్య సంతలోంచి మాయమైపోయింది.

ఆ ఉండ ఎందుకంత ముఖ్యం? గింజలో ఉండేది పిండి పదార్థం. ఈస్టు పిండిని తినలేదు, చక్కెరనే తింటుంది. ముందు పిండి చక్కెరగా మారాలి. యూరప్ వాళ్ళు బార్లీని మొలకెత్తించి ఆ పని చేస్తారు. మన వైపు ఆసియాలో ఎక్కువచోట్ల బూజుతో చేస్తారు. ఉండలో ఉన్న బూజు పిండిని చక్కెర చేస్తుంది, అదే ఉండలో ఉన్న ఈస్టు ఆ చక్కెరని మత్తుగా మారుస్తుంది. రెండు పనులూ ఒకే కుండలో అయిపోతాయి. కొరియాలో ఈ మందుని నురుక్ అంటారు, వియత్నాంలో మెన్ అంటారు, నేపాల్, సిక్కింలో మర్చా అంటారు. ఇండోనేషియాలో దాని పేరు 'రాగి'! మన రాగులకీ దానికీ సంబంధం లేదనుకోండి, పేరు చూసి నాకు నవ్వొచ్చింది. మన పార్వతీపురం సంతలో గంపలో పెట్టి అమ్మిన ఉండకీ, కొరియా పల్లెలో గోడకి వేలాడదీసిన నురుక్‌కీ పని ఒకటే. బడిలో మనకి 'వెనకబడినవాళ్ళు' అని చెప్పారు గాని, మీ ముత్తవ్వలు సూక్ష్మజీవులతో పని చేయించారని ఎవరూ చెప్పలేదు.

మొదటి చుక్క ఎవరికి

మన పండగలు ఏ నెలలో వస్తాయో, ఏ పంట ఇంటికొచ్చిందో చూస్తే తెలుస్తుంది. కందికొత్తలు, కొర్రకొత్తలు, మామిడి టెంక పండగ, అన్నీ కొత్త పంటవే. ఎజ్జోడు గాని జన్నోడు గాని పూజ చేసేటప్పుడు కల్లో సారాయో ముందు నేల మీద పోస్తాడు. చచ్చిపోయిన పెద్దలకి ముందు, బతికున్నవాళ్ళకి తర్వాత. సవరల గురించి వెరియర్ ఎల్విన్ 1955లో రాసిన పెద్ద పుస్తకంలో గాని, పియర్స్ విటెబ్‌స్కీ 1993లో రాసిన పుస్తకంలో గాని చచ్చినవాళ్ళతో మాట్లాడే తంతు ఎంత పెద్దదో ఉంటుంది. చచ్చినవాళ్ళు ఎజ్జోడి నోటితో మాట్లాడతారు, దాహమని అడుగుతారు, ఇంటివాళ్ళు పోస్తారు.

పెళ్ళిచూపులకి వెళ్ళేటప్పుడు, తగవు తీర్చినప్పుడు, ఊరంతా కలిసి ఒకరి పొలంలో పని చేసినప్పుడు కూడా కుండే సాక్ష్యం. తగవు పడ్డ ఇద్దరూ ఒకే ఆనపకాయ బుర్రలోంచి తాగితే తగవు తీరినట్టు. స్టాంపు పేపరు మీద సంతకం లాంటిదే అది.

ఇందులో ఇంకో సంగతి ఉంది. ఇంట్లో చేసుకున్నది కాబట్టి దానికి ఒక హద్దు ఉండేది. పువ్వు రాలినన్నాళ్ళే పువ్వు, గెల ఉన్నన్నాళ్ళే కల్లు, పంట వచ్చినప్పుడే గింజల కల్లు. పూర్వం ఎవరూ పడిపోయేదాకా తాగలేదని నేననను, అది అబద్ధం అవుతుంది. కాకపోతే రోజూ పొద్దున్న నుంచి రాత్రి దాకా, ఏడాది పొడుగునా డబ్బిస్తే దొరికే సరుకు కాదు అది.

చెట్టు మీద పన్ను, తిరుగుబాటు

చరిత్ర పుస్తకంలో రంప తిరుగుబాటు గురించి రెండు లైన్లు చదువుకున్నాం. 1879 మార్చిలో మొదలైంది, కారం తమ్మన్నదొర నాయకుడు అని. ఎందుకు మొదలైందో సరిగ్గా చెప్పలేదు. అందులో ముఖ్యమైన కారణం కల్లు.

అప్పటి దాకా కొండవాళ్ళు తమ చెట్టు తాము గీసుకునేవారు. మద్రాసు ప్రభుత్వం ఆబ్కారీ నిబంధనలు తెచ్చి, ఇంటి వాడకానికి కూడా ఊరికే కల్లు గీయకూడదంది. కల్లు మీద వచ్చే ఆదాయాన్ని కాంట్రాక్టర్లకి గుత్తకిచ్చింది. ఆ గుత్తేదార్లు చెట్టు గీసుకోవడానికి 'చిగురుపన్ను' వసూలు చేశారు. దాని మీద రంప మున్సబుదారు 'మొదలుపన్ను' అని ఇంకోటి వేశాడు. చిగురుకి ఒక పన్ను, మొదలుకి ఒక పన్ను! మధ్యలో పోలీసుల దౌర్జన్యం, మైదానం నుంచి వచ్చిన వ్యాపారుల అప్పు కేసులు. జనం తిరగబడ్డారు. అది రంపలో ఆగలేదు, విశాఖ జిల్లా గొలుగొండ కొండలకీ, భద్రాచలం వైపు రేకపల్లెకీ పాకింది. అణచడానికి సైన్యం రావలసి వచ్చింది. 1880లో తమ్మన్నదొర చనిపోయాడు.

ఇది మన జిల్లాలు దాటి దక్షిణాన జరిగిందే, కానీ చట్టం ఒక్కటే, కొండ ఒక్కటే. ప్రభుత్వం దీన్నుంచి పన్ను వదిలేయాలని నేర్చుకోలేదు. 1886లో మద్రాసు ఆబ్కారీ చట్టం వచ్చింది. లైసెన్సు లేకుండా సారా కాచినా, అమ్మినా, చెట్టు గీసినా నేరం అయ్యే పద్ధతి గట్టిపడింది. కొండల్లో సారా బట్టీ పెట్టుకునే హక్కుని వేలం వేశారు. ఎవడు ఎక్కువ పాడితే వాడిది బట్టీ. నిన్నటిదాకా ఇంట్లో కాచుకున్న మనిషి ఇవాళ తన పువ్వునే వాడికి అమ్మి, తన సారానే వాడి దగ్గర కొనుక్కోవాలి.

సారా కుండలోంచి పొలం ఎలా పోయింది

ఇక్కడే అసలు దెబ్బ తగిలింది. వేలం పాడుకున్నవాళ్ళు బయటి వ్యాపారులు. మన వైపు, ఒడిషా వైపు సారా వ్యాపారం ఎక్కువగా సొండి కులం వాళ్ళ చేతుల్లో ఉండేది. గెజిటీర్‌లోనే రాసి ఉంది, కొండవాళ్ళకి సారా అప్పు పెట్టి, వడ్డీ మీద వడ్డీ కట్టి, చివరికి వాళ్ళ పొలాలు చేజిక్కించుకున్నారని. ఆ కులంలో పుట్టిన ప్రతివాడూ చెడ్డోడని నేననట్లేదు. వాళ్ళు కాకపోతే ఇంకొకళ్ళు పాడుకునేవాళ్ళు. లైసెన్సు ఒకడి చేతిలో, దాహం ఇంకొకడి గొంతులో పెట్టిన పద్ధతే అలాంటిది.

అప్పు తీర్చలేనివాడు గొత్తి కింద పనికి వెళ్ళాలి. ఐదు రూపాయలకో పది రూపాయలకో ఏళ్ళ తరబడి ఊడిగం. తండ్రి తీర్చకపోతే కొడుకు. పరిస్థితి ఎంత ముదిరిందంటే ప్రభుత్వమే 1917లో ఏజెన్సీ భూముల బదలాయింపు మీద చట్టం తెచ్చింది, 1940లో రుణ బానిసత్వాన్ని రద్దు చేస్తూ రెగ్యులేషన్ తెచ్చింది. కాగితం మీద.

కాగితం కొండెక్కలేదు. అందుకే 1950ల చివర, 60లలో పార్వతీపురం, పాలకొండ ఏజెన్సీలో గిరిజన సంఘం లేచింది. వెంపటాపు సత్యనారాయణ మాస్టారు, ఆదిభట్ల కైలాసం మాస్టారు, వాళ్ళతో మన తాతలు. అడిగినవి పెద్ద కోరికలేం కాదు. వెట్టి పోవాలి, అప్పుల్లో పోయిన భూమి రావాలి, పోడు చేసుకోనివ్వాలి. 1967 అక్టోబరు 31న మొండెంఖల్లు సభకి వెళ్తుంటే లేవిడి దగ్గర కోరన్న, మంగన్నలని కాల్చేశారు. ఆ తర్వాత కథ మనకందరికీ ఇళ్ళల్లో తెలుసు. 1959 భూబదలాయింపు రెగ్యులేషన్‌కి పళ్ళు పెట్టిన 1/70 వచ్చింది ఆ రక్తం తర్వాతే. షావుకారు పుస్తకంలో ఉప్పు, పొగాకు, గుడ్డల పక్కనే సారా బాకీ కూడా ఉండేదని మా ఊరి పెద్దలు చెప్తారు.

ఇంకో వైపు కూడా చెప్పాలి. 1922-24లో పోరాడిన అల్లూరి సీతారామరాజు, దానికి ముందు మన్యంలో తాగుడు మానండి, కోర్టులకి పోకుండా మన తగవులు మన పంచాయితీల్లోనే తీర్చుకోండి అని ఊరూరా తిరిగి చెప్పాడు. 1879లో కల్లు గీసుకునే హక్కు కోసం లేచిన అదే కొండలు, నలభై ఏళ్ళ తర్వాత కల్లు మానమన్న మనిషి వెనక లేచాయి. నాకిది మొదట అయోమయంగా అనిపించింది. ఆలోచిస్తే రెండిటి వెనకా ఒకటే మాట కనబడింది. మా ఊళ్ళో ఏం తాగాలో, ఏం మానాలో మేం చెప్తాం, నువ్వు కాదు.

నిషేధం, ప్యాకెట్, మళ్ళీ నిషేధం

స్వాతంత్ర్యం వచ్చాక 1948కల్లా మద్రాసు రాష్ట్రమంతా మద్యనిషేధం పెట్టారు. మన కుండలు కూడా నేరమైపోయాయి. 1968లో ఆంధ్రప్రదేశ్ ఎక్సైజ్ చట్టం వచ్చింది, మళ్ళీ సారా పాటలు, మళ్ళీ కాంట్రాక్టర్లు. 1980లలో 'వారుణి వాహిని' పేరుతో సారా ప్లాస్టిక్ ప్యాకెట్లలో ఊరూరికీ వచ్చింది. ప్రభుత్వమే పంపింది. ఇంటి కుండ నేరం, ప్యాకెట్ నేరం కాదు.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు చదువుల పాఠాల్లోంచి లేచి సారా కొట్టు మూయించారు. అది రాష్ట్రమంతా అంటుకుంది. 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం, 1995 జనవరి 16 నుంచి సంపూర్ణ నిషేధం. 1997లో సంపూర్ణ నిషేధం ఎత్తేశారు, సారా మీద నిషేధం మాత్రం ఉండిపోయింది. ఫలితం ఏంటంటే, డబ్బున్నోడి విస్కీకి కొట్టు ఉంది, నాయినమ్మ కుండకి జీపు ఉంది.

దీని మధ్యలో మన సారా కూడా చెడిపోయింది. ఇప్పపువ్వు పోయి బెల్లం ఊట వచ్చింది, పులిసే దాకా ఆగడం పోయి నవసాగరం వచ్చింది. ఇది మన పెద్దల సారా కాదు. భయపడుతూ, తొందరగా, అమ్మడానికి కాచే సారా ఇలాగే ఉంటుంది.

మా చిన్నాన్న గురించి ఒక్క ముక్క రాసి ముందుకెళ్తాను. ఆయన మంచి కల్లుగీత మనిషి. జీలుగు చెట్టు మీద ఉన్నంతసేపూ పాట పాడేవాడు. తర్వాత కూలికి వలస వెళ్ళి, సరిహద్దు అవతల నుంచి వచ్చే ప్యాకెట్లకి అలవాటు పడ్డాడు. కడుపు ఉబ్బి చనిపోయాడు. నలభై కూడా లేవు. ఇప్పసారా గొప్పది అని మన గ్రూపులో ఎవరైనా ఊపుగా రాసినప్పుడల్లా నాకు ఆయన గుర్తొస్తాడు. అందుకే ఈ విషయాన్ని ఊపుగా రాయలేను.

ఇప్పుడు సీసా

మళ్ళీ ఆ ఫొటో దగ్గరికొద్దాం. డెస్మండ్ నజరెత్ అనే ఆయన కంపెనీ 2018లో గోవాలో మహువా సీసా దించింది. ఆ కంపెనీ బట్టీ ఎక్కడుందో తెలుసా? మన ఆంధ్రలోనే, చిత్తూరు జిల్లాలో. ప్రపంచమంతటా ఇప్పుడిదే వరస. సైగాన్‌లో ఒక కంపెనీ మల్లెపూలు వేసి బీరు చేస్తుంది. అదే వియత్నాంలో వందేళ్ళ క్రితం ఫ్రెంచివాళ్ళు సారా మీద గుత్తాధిపత్యం పెట్టి, పల్లెల్లో బియ్యం సారా కాచినవాళ్ళని పట్టుకుని జైల్లో వేశారు. కథ ఎక్కడో విన్నట్టు లేదూ?

కొరియాలో కూడా అంతే. జపాన్ వాళ్ళు 1916లో మద్యం పన్ను చట్టం తెచ్చి, ఇళ్ళల్లో చేసుకునే పద్ధతిని నెమ్మదిగా నొక్కేశారు. స్వాతంత్ర్యం వచ్చాక దక్షిణ కొరియా ప్రభుత్వమే బియ్యం కొరత అని 1960లలో బియ్యంతో మక్‌గల్లీ చేయొద్దంది. తర్వాత ఆ నిషేధం పోయింది. 2021లో మక్‌గల్లీ చేసే విద్యని జాతీయ వారసత్వంగా ప్రకటించారు. గమనించండి, వారసత్వం అన్నది సీసాని కాదు, చేసే విద్యని.

మన దేశంలో మూడు దార్లు కనబడుతున్నాయి. గోవాలో జీడిమామిడి ఫెనీకి 2009లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, 2016లో ఆ రాష్ట్రం దాన్ని వారసత్వ పానీయం అంది. మధ్యప్రదేశ్ 2021లో మహువాని 'హెరిటేజ్ మద్యం' చేస్తామని ప్రకటించి, కాచే లైసెన్సు ఆదివాసీ స్వయం సహాయక సంఘాలకే ఇచ్చేలా రూల్స్ పెట్టింది. అలీరాజ్‌పూర్, డిండోరీ జిల్లాల సంఘాలు సీసాలు దించాయి. హైదరాబాద్‌లో 2023లో నీరా కేఫ్ తెరిచారు, కల్లుగీత కులాల పేరు మీద. ఇంకో దారి అసలు మత్తు లేనిది. ఆదిలాబాద్ జిల్లా ఉట్నూరులో ఆదివాసీ మహిళలు ఇప్పపువ్వు లడ్డూలు చేసి అమ్ముతున్నారు.

మన వైపు ఏముంది? 1956లో పెట్టిన గిరిజన సహకార సంస్థ ఉంది, అటవీ ఫలసాయం కొంటుంది. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. జీలుగు గురించి, ఇప్ప గురించి అలాంటి మాట నాకెక్కడా కనబడలేదు.

మన చేతిలో ఉన్నది

నాయినమ్మ ప్రశ్నకి జవాబు ఇప్పుడు నాకు కొంత తెలుసు. కుండ పగలగొట్టింది అది సారా అయినందుకు కాదు. దాని మీద ప్రభుత్వానికి రూపాయి రానందుకు, 150 ఏళ్ళ నుంచి వస్తున్న చట్టం అలవాటు కొద్దీ.

కానీ ఇంకో చట్టం కూడా ఉంది. 1975లో కేంద్రం గిరిజన ప్రాంతాల ఎక్సైజ్ విధానం మీద మార్గదర్శకాలు ఇచ్చింది. గిరిజన ప్రాంతాల్లో వ్యాపార మద్యం అమ్మకాలు ఆపాలి, గిరిజనులు తమ సంప్రదాయ పానీయం ఇంటి వాడకానికి చేసుకోనివ్వాలి అని. 1996లో పీసా చట్టం వచ్చింది. మత్తు పదార్థాల మీద నిషేధం పెట్టే, అమ్మకాన్నీ వాడకాన్నీ అదుపు చేసే అధికారం గ్రామసభకి ఉండాలని అందులో స్పష్టంగా ఉంది. చిన్న తరహా అటవీ ఫలసాయం మీద యాజమాన్యం కూడా. మన రాష్ట్రంలో దానికి 1998లో చట్టం, 2011లో రూల్స్ వచ్చాయి. అంటే ఊళ్ళో బెల్టు షాపు వద్దనే హక్కు, పండగ కుండ ఉండాలనే హక్కు రెండూ ఒకే చోట ఉన్నాయి, మన గ్రామసభలో. షెడ్యూల్డ్ ప్రాంతం బయట ఉండిపోయిన సవర ఊళ్ళు మన జిల్లాల్లో చాలా ఉన్నాయి, వాళ్ళకి ఇది కూడా లేదు. అది వేరే పోరాటం.

రేపు ఎవరైనా పెద్ద కంపెనీ వచ్చి జీలుగు కల్లుని సీసాలో పెడతానంటే మనం ఏం చెప్పాలి? నా మటుకు నాకు మూడు ప్రశ్నలున్నాయి. చెట్టు ఎవరి పేరు మీద ఉంటుంది? లైసెన్సు ఎవరి పేరు మీద ఉంటుంది? గ్రామసభలో ఆడవాళ్ళు ఒప్పుకున్నారా? మొదటి రెండిటికీ జవాబు "బయటివాళ్ళ పేరు మీద" అయితే అది 1886 వేలం పాటే, ఐసు ముక్కలతో. మూడోదానికి జవాబు "లేదు" అయితే మొదటి రెండూ అడగక్కర్లేదు.

అందాకా చేయగలిగింది ఒకటుంది, డబ్బు అక్కర్లేదు. మన గిడుగు రామమూర్తి పంతులుగారు బయటివాడై ఉండీ, ఏళ్ళ తరబడి సవరల దగ్గర కూర్చుని సవర మాటలన్నీ రాసుకున్నారు. ఆయన సవర నిఘంటువులు 1930లలో అచ్చయ్యాయి. ఇంటివాళ్ళమైన మనం మన అవ్వల దగ్గర కూర్చోలేమా? సంతలో అమ్మిన ఆ ఉండలో ఏ వేళ్ళు వేసేవారు, ఏ బెరడు, ఎన్ని రోజులు ఎండబెట్టేవారు, ఎవరు చేసేవారు, మీ భాషలో దాని పేరేంటి. సవర, జాతాపు, గదబ, కొండదొర, ఎవరి మాటలో వాళ్ళు రాయండి. ఒక జాగ్రత్త. వేళ్ళ పేర్లు బయట పెట్టాలా వద్దా అన్నది ముందు ఊళ్ళో పెద్దల్ని అడగండి. అది వాళ్ళ విద్య, మన పోస్టు కాదు.

నేను మొదలుపెట్టాను. నాయినమ్మకి మూడు వేళ్ళు గుర్తున్నాయి, నాలుగోది గుర్తు రావట్లేదు. "మాయమ్మకి తెలుసు" అంటుంది. వాళ్ళమ్మ పోయి ముప్పై ఏళ్ళయింది. ఈసారి పండక్కి పెద్దలకి పోసేటప్పుడు ఎజ్జోడి చేత అడిగిస్తానంది. నవ్వుతూ అందో, నిజంగా అందో నాకు తెలియలేదు.

జై ఆదివాసీ.